మిద్దెమీది ఎండ – వీధిలోని తీగ
(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ సమయమున పురాణ ప్రసంగమో, శతక పద్యముల వ్యాఖ్యానమో వినవచ్చునని పలువురు ఎదురుచూచియుందురు. ఈ సభకు ఎన్నుకొనబడిన విషయము వేఱు. మిద్దెలమీద పరచిన సౌరఫలకములు, వాటి క్రింద గోడకు తగిలించిన ఇన్వర్టరు అను పెట్టె, ఆ పెట్టె మిట్టమధ్యాహ్నమున ఎఱ్ఱదీపము వెలిగించి పని మానుకొనుటకు గల కారణములు – ఇదియే నేటి ప్రసంగము. పఠనమందిరమునకు పత్రికలు చదువవచ్చినవారు కొంతకాలముగా పత్రికలను మడిచిపెట్టి ఈ ఎఱ్ఱదీపమును గూర్చియే ముచ్చటించుకొనుచున్నారు గనుక విషయము సభకు పరాయిది కాదు.

అరణ్యపర్వమున ధర్మరాజు సూర్యుని ఆరాధించి అక్షయపాత్రను పడసిన కథ అందఱెఱిగినదే. పేరునకు అది అక్షయమే గాని దానికొక నియమము కలదు. ద్రౌపది భుజించువఱకే అది అన్నమునిచ్చును. ఆమె భుజించిన పిమ్మట ఆనాటికి దాని పని సరి. సూర్యుడిచ్చిన వరమునకే నియమమున్నప్పుడు ఆ సూర్యుని ఎండను కరెంటుగా మార్చు పెట్టెకు నియమములుండుట వింత కాదు. వాటిని తెలియక, "పెట్టె చెడినది, డబ్బు మునిగినది" అని తల పట్టుకొనువారే ఎక్కువ. పెక్కు సందర్భములలో పెట్టె చెడియుండదు. వీధి తీగలోని రోగమును అది తనకు వచ్చిన భాషలో చెప్పుచుండును.

అనంతపురము సీమ వానకు పేద, ఎండకు సంపన్నురాలు. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించుటచే ఇచట ఏటి సగటు వర్షపాతము 550 మిల్లీమీటర్ల చుట్టుపట్ల మాత్రమే. వేరుసెనగకు ఊడలు దిగు వేళకు వాన మొగము చాటువేయుట తాతల నాటినుండి ఉన్న కథ. అట్టి సీమలో ఎండయే ఒక పంట కాదగునని తెలిసివచ్చి చాలకాలము కాలేదు. నంబులపూలకుంటలో (ఇది 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది) ఎన్.టి.పి.సి. సంస్థ 2016లో 250 మెగావాట్ల సౌర విద్యుత్కేంద్రమును నడుపనారంభించెను. పిదప ఆ వెలుగు సామాన్యుల మిద్దెలపైకి వచ్చినది. 2024 ఫిబ్రవరి 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన సూర్యఘర్ పథకము 75,021 కోట్ల రూపాయల వ్యయముతో కోటి ఇండ్లకు ఉద్దేశింపబడినది. అందు ఒక కిలోవాటు ఏర్పాటుకు 30,000 రూపాయలు, రెంటికి 60,000, మూడు కిలోవాట్లకు గాని అంతకు మించినదానికి గాని 78,000 రూపాయలు రాయితీ. మిగిలిన సొమ్ము గృహస్థునిదే. పలువురు దానికై బ్యాంకులో అప్పు చేసియున్నారు. పెట్టె ఆగినంతమాత్రమున బ్యాంకు కంతు ఆగదు గదా!

లెక్క చూడుడు. మూడు కిలోవాట్ల ఏర్పాటు మబ్బులేని దినమున ఇంచుమించు 12 యూనిట్లనిచ్చును. అందు సగమువఱకు పదిన్నర గంటలకు, రెండు గంటలకు నడుమనే పుట్టును. ఉదయపు నీరెండలో చక్కగా నడిచి, ఎండ ముదిరిన ఆ మూడున్నర గంటలు మాత్రము పెట్టె మొండికెత్తిన యెడల నష్టము రోజులో ఏడవ వంతు కాదు, సగము. జమ పద్దులో సగము కొట్టివేసినట్లే. అందుచేత ఈ ఎఱ్ఱదీపము చిన్న విషయము కాదు.

ఇక పెట్టె పని ఎట్టిదో కొంత విచారింపవలెను. ఫలకములలో పుట్టు కరెంటు ఒకే దిక్కున పాఱును. వీధి తీగలోని కరెంటు సెకనుకు ఏబది పర్యాయములు అటునిటు ఊగును. ఫలకపు కరెంటును వీధి కరెంటు ఊగుదలకు సరిగా జతపఱచి పంపుట ఇన్వర్టరు ధర్మము. నీరు మిట్టనుండి పల్లమునకే పాఱునట్లు కరెంటు కూడ హెచ్చు వోల్టేజినుండి తగ్గు వోల్టేజికే పోవును. కావున ఇంటిలో మిగిలిన కరెంటును వీధిలోనికి త్రోయవలెనన్న పెట్టె తన వోల్టేజిని వీధికంటె ఒక మెట్టు పైన ఉంచుకొనక తప్పదు. ఎంత మెట్టు అన్నది త్రోవను బట్టియుండును. కాలువ వెడల్పైన కొలది నీటికి వాలు తక్కువ చాలును. కాలువ ఇఱుకైనచో తూము వద్ద నీరు ఎత్తు నిలువవలెను. ఈ ఒక్క మాట మనస్సున నిలిచినచో తక్కిన ప్రసంగమంతయు సులభము.

ఆ మెట్టు ఎంతవఱకు పోవచ్చునో చట్టము హద్దు గీచినది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో చేసిన నిబంధనల ప్రకారము, వీధి వోల్టేజి నిర్ణీతమైన దానిలో నూటికి 110 వంతులు మించినను, 80 వంతులకు తగ్గినను ఇట్టి యంత్రము రెండు సెకనులలోపల వీధినుండి తొలగవలెను. ఇంటి కరెంటు నిర్ణీత వోల్టేజి 230. కావున పై హద్దు 253, క్రింది హద్దు 184. తొలగిన పిమ్మట వోల్టేజి హద్దులోనికి వచ్చి కనీసము అరువది సెకనులు నిలకడగానున్న గాని యంత్రము తిరిగి కలువరాదు. చాలమంది గృహస్థులను కలవరపెట్టునది ఈ అరువది సెకనులే. పెట్టె ఆగును, అంకెలు లెక్కించుకొనును, మరల మొదలిడును, కొంతసేపటికి మరల ఆగును. చూచువారికది మూర్ఛరోగము వలె తోచును. నిజమునకది నియమపాలనము.

కరెంటు పూర్తిగా పోయినప్పుడు పెట్టె ఆగుటను గూర్చి కూడ ఇచటనే చెప్పవలసియున్నది. "ఎండ ఉండాది, పలకలు ఉండాయి, ఇంట్లో పంకా ఎందుకు తిరగదు?" అని అడుగనివారు లేరు. బ్యాటరీలు లేక వీధి తీగతోనే ముడిపడిన ఇన్వర్టరు, వీధి తీగ చచ్చినంతనే తానును ఆగునట్లు చేయబడినది. ఆగనిచో ఏమగును? సరఫరా నిలిపివేసి లైన్‌మన్ స్తంభమెక్కును. ఒక మిద్దెమీది కరెంటు వీధి తీగలోనికి పాఱును. అది ట్రాన్స్‌ఫార్మరును వెనుకవైపునుండి చేరినచో 230 వోల్టులు కాస్త 11,000 వోల్టులుగా మాఱి పై తీగకెక్కును. స్తంభముమీది మనిషి ఎవరి ఇంటివాడో, ఏ తల్లి బిడ్డయో! తెరమీద "నో గ్రిడ్" అని కనబడినప్పుడు ముందుగా చూడవలసినది ఇంటిలో దీపములు వెలుగుచున్నవా లేవా అన్నదే. ఊరంతటను కరెంటు లేనిచో పెట్టెయందు దోషము లేదు. ఇంటిలో కరెంటుండియు పెట్టెకు మాత్రము అందకున్నచో నడుమనున్న బ్రేకరు పడిపోయినదో, ఫ్యూజు పోయినదో, తీగ వదులైనదో అయియుండును.

ఇప్పుడు మధ్యాహ్నపు వ్యాధికి, అనగా "గ్రిడ్ ఓవర్ వోల్టేజి" అను దోషమునకు వత్తము. దీని మూలము తెలిసికొనుటకు ఊరి ట్రాన్స్‌ఫార్మరు వద్దకు పోవలెను. దాని మీదనున్న పలకమీద తక్కువ వోల్టేజి వైపు 433 అని అచ్చువేసియుండుట చూడవచ్చును. అది మూడు ఫేజుల నడుమనున్న కొలత. ఒక్కొక్క ఇంటికి చేరు ఫేజుకు, న్యూట్రలుకు నడుమ అది 250 వోల్టులగును. ఇండ్లలో వాడకము హెచ్చుగానున్నప్పుడు తీగ పొడవున వోల్టేజి తఱిగి, చివరి ఇంటికి కూడ 230 దరిదాపున అందవలెనని తొలినుండియు ఈ ఏర్పాటు. కరెంటు ఒకే దిక్కున, అనగా ట్రాన్స్‌ఫార్మరునుండి ఇంటికి మాత్రమే పాఱిన కాలమున ఇది తెలివైన ఏర్పాటే. నేడు మధ్యాహ్నము పురుషులు చేలలో, పిల్లలు బడిలో. ఇండ్లలో వాడకము స్వల్పము. పైగా మిద్దెలనుండి కరెంటు ఎదురు పాఱుచున్నది. మొదటనే 250 దగ్గఱ నిలిచిన వోల్టేజికి 253 అను హద్దు ఎంత దూరము? మూడడుగుల దూరము.

ఒక గృహస్థుని సంగతి దృష్టాంతముగా గైకొనవచ్చును. ఆయన మిద్దెమీద మూడు కిలోవాట్ల ఏర్పాటు. చలికాలమున చక్కగా నడిచినది. మాఘము దాటి ఎండలు ముదిరినంతనే ప్రతిదినము పదకొండు గంటలకు ఆగనారంభించినది. పెట్టె బిగించినవారు వచ్చి చూచి, "దోషము లైనులో ఉన్నది" అనిరి. లైన్‌మన్ వచ్చి, "అన్నా, కరెంటు బాగనే వస్తాండాది గదా, మీ పెట్టెలోనే ఏదో ఉండాది" అనెను. రెండు గ్రామముల పొలిమేర తగవులో ఉభయులును తమ రాయి సరిగానున్నదన్నట్లు ఇరువురును తమ తమ వైపు నిర్దోషమనిరి. నడుమ నష్టపోవుచున్నవాడు గృహస్థుడు.

అంతట ఆయన ఎవరిని నిందింపక ఒక నోటుపుస్తకమునకు గళ్లు గీచుకొని కూర్చుండెను. గంట, తెరమీది వోల్టేజి, ఆ సమయమున పుట్టుచున్న వాట్లు, ఊరి బయట మోటార్లు నడుచుచున్నవా ఆగియున్నవా – ఇన్నే గళ్లు. ఆయన లేని వేళ కోడలు వ్రాసినది. పది దినములలో గుట్టు బయటపడెను. పెట్టె ఆగి అరువది సెకనులు లెక్కించుకొనునప్పుడు దానినుండి కరెంటేమియు పాఱదు. కాని తెరమీద వీధి వోల్టేజి కనబడుచునే యుండును. ఆ సమయమున తెర 243 అని చూపినది. పని మొదలిడి పూర్తి బలమునకు వచ్చునప్పటికి 254, 255 అని చూపి ఆగినది. ఏ పరికరమును కొనకయే, ఏ మూతను విప్పకయే తెలిసిన సంగతి ఇది: వీధి స్వయముగా 243, పెట్టె కరెంటు త్రోయుటచే ఏర్పడిన మెట్టు 12. పెట్టె ఆగియున్నప్పుడు కూడ తెర 250, 252 చూపియుండినచో తప్పు వీధిదే. ఆగినప్పుడు తగ్గి, నడిచినప్పుడు పెరుగుచున్నచో తప్పు త్రోవదే. ఈ రెండంకెల తారతమ్యమే సగము చికిత్స.

ఆ పండ్రెండు వోల్టులు ఎచటనుండి వచ్చినవి? స్తంభమునుండి ఇంటికి నలువది మీటర్ల సర్వీసు తీగ. అది పూర్వము రెండు దీపములకు, ఒక పంకాకు వేసిన రెండున్నర చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియము తీగ. ఒక చదరపు మిల్లీమీటరు మందమున్న అల్యూమినియము తీగ మీటరు పొడవునకు 0.028 ఓమ్ అడ్డునిచ్చును. పోవు తీగ, వచ్చు తీగ కలిసి ఎనుబది మీటర్లు. ఎనుబదిని 0.028తో గుణించి రెండున్నరతో భాగింపగా ఇంచుమించు 0.9 ఓమ్. మూడు కిలోవాట్లనగా 13 ఆంపియర్లు. పదమూడును 0.9తో గుణింపగా సుమారు 12 వోల్టులు. తెరమీది లెక్కకు, తీగ లెక్కకు సరిపోయినది. అడంగలు, చిఠా ఒకదానితోనొకటి కుదిరినప్పుడు కలుగు తృప్తి తెలిసినవారికి ఈ తృప్తియు తెలియును.

అదే తీగ పది చదరపు మిల్లీమీటర్లదైనచో అడ్డు నాలుగవ వంతగును. మెట్టు మూడు వోల్టులు. 243కు మూడు చేరిన 246. హద్దునకు ఇంకను ఏడు వోల్టుల ఎడము. పైగా సన్నని తీగలో పూర్తి ఉత్పత్తివేళ 150 వాట్లు తీగను వేడిచేయుటకే వ్యయమగుచున్నవి. ఆ ఖర్చు ఏ బిల్లులోను కనబడదు. ఆ గృహస్థుడు శాఖవారి అనుమతితో సర్వీసు తీగ మార్పించుకొనిన పిమ్మట పెట్టె మధ్యాహ్నము ఆగుట మానినది. ఇన్వర్టరును మార్పవలెనని ఆయనకు సలహా ఇచ్చినవారును లేకపోలేదు! క్రొత్త పెట్టె తెచ్చియుండినను అదియు పదకొండు గంటలకే ఆగియుండును.

తీగ మందము సరిగానున్నను అతుకులు చెడ్డవైనచో ఫలితమొక్కటే. అల్యూమినియమును రాగితో ఊరక మెలిపెట్టి చుట్టిన అతుకు కొంతకాలమునకు పొరగట్టి, అడ్డు పెరిగి, కాలి నల్లబడును. మీటరు వద్ద మాడు వాసన, గాలి వీచినప్పుడెల్ల దీపము మినుకుమనుట దీని గుర్తులు. గృహస్థుడు చేయదగినది చూచుట, వాసన పట్టుట, వ్రాసికొనుట వఱకే. మూతలు విప్పి మరలు బిగించుట లైసెన్సు గల పనివాని పని, అదియు సరఫరా నిలిపిన పిమ్మటనే. ఫలకములనుండి పెట్టెకు దిగు తీగలలో పగలంతయు వందల వోల్టులుండును. వీధి కరెంటు పోయినను అవి చావవు. పిల్లలను ఆ తీగల దగ్గఱకు పోనీయరాదు.

ఇక వీధియే 250 దాటి నిలిచిన యెడల ఏమి చేయవలెను? ఒకే వేళకు మూడు నాలుగిండ్ల తెరలను చూడవలెను. ఒక ఇంట 251, ఎదురింట 236 ఉన్నచో ఆ రెండిండ్లు వేర్వేఱు ఫేజులమీద నున్నవని అర్థము. ఊరిలో సౌరఫలకములున్న ఇండ్లన్నియు ఏ కారణముచేతనో ఒకే ఫేజుమీద కూడియున్నచో ఆ ఫేజు పొంగును, తక్కిన రెండు ఎండును. ఇండ్లను మూడు ఫేజులకు పంచుట శాఖవారికి ఒక పూట పని. ట్రాన్స్‌ఫార్మరుకు ట్యాపు మార్చు ఏర్పాటున్నచో సరఫరా నిలిపి ఒక మెట్టు తగ్గింపవచ్చును. ఆ ఏర్పాటు అన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు ఉండదు.

ఈ సీమకు ప్రత్యేకమైన చిక్కు మరియొకటి కలదు. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ఆరంభమైనది. తరువాత అది పగటిపూట తొమ్మిది గంటలకు చేరినది. బోర్ల లోతు పెరిగిన కొలది మోటార్ల బలమును పెరిగినది. ఊరి దీపములకు, బోరు మోటార్లకు వెనుకనున్న 11,000 వోల్టుల లైను ఒక్కటే అయినచో, మోటార్లు నడుచునంతసేపు వోల్టేజి క్రుంగియుండును. ఆ క్రుంగుదలకు తగినట్లు పైన ఎత్తిపెట్టిన వోల్టేజి, వంతు ముగిసి మోటార్లు ఒక్కసారిగా ఆగినంతనే లేచి కూర్చుండును. నోటుపుస్తకమున మోటార్లకు ఒక గడి ఉంచుమని చెప్పుట ఇందుకే. పెట్టె ఆగు గడియ మోటార్లు ఆగు గడియతో ప్రతిదినము కలిసినచో సర్వీసు తీగను మార్చి ప్రయోజనము లేదు.

గృహస్థుని చేతిలోనున్న ఉపాయమొకటి ఖర్చులేనిది. పిండి మర, నీటి మోటారు, బట్టలుతుకు యంత్రము, ఇస్త్రీ పెట్టె – వీటిని రాత్రికి త్రోయక పదకొండు గంటలకు నడుపుట. వేయి వాట్ల వాడకము ఇంటిలోనే జరిగినచో వీధికి పోవు కరెంటు నాలుగు ఆంపియర్లు తగ్గును. పైన చెప్పిన సన్నని తీగలో అది నాలుగు వోల్టుల తగ్గుదల. ఒక్కొకప్పుడు ఎఱ్ఱదీపమునకు పచ్చదీపమునకు నడుమనున్న ఎడము అంతమాత్రమే.

మార్కండేయ పురాణమున ఒక కథ కలదు. ఆ పురాణమును మారన తెనిగించెను. సూర్యుని తేజమును ఓర్వలేక భార్య సంజ్ఞ తన నీడయగు ఛాయను ఇంటనుంచి వెడలిపోయెను. పిదప ఆమె తండ్రి విశ్వకర్మ సూర్యుని సానపట్టి తేజమును కొంత తఱిగెను. సూర్యుని ఆర్పివేయలేదు, ఓర్వదగినంతకు తగ్గించెను. నేటి ఇన్వర్టర్లలో పలువాటికి ఇట్టి విద్య కలదు. వోల్టేజి హద్దును సమీపించునప్పుడు పూర్తిగా ఆగుటకు మాఱు ఉత్పత్తిని కొంచెము కొంచెముగా తగ్గించుకొనుచు నడుచుట అది. ఆస్ట్రేలియాలో 2020 నాటి ప్రమాణము ఇంటి ఇన్వర్టర్లకు దీనిని తప్పనిసరి చేసినది. మూడు గంటలు సున్నకంటె మూడు గంటలు ముప్పాతిక మేలు గదా. పెట్టెలో ఆ సౌకర్యమున్నదా, పంపిణీ సంస్థ నిబంధనలకు లోబడి దానిని తెఱవవచ్చునా అని బిగించినవారిని అడుగుట గృహస్థుని హక్కు. పెట్టెలో ఏ దేశపు అమరిక ఎన్నుకొనబడియున్నదో కూడ అడుగవలెను. అన్యదేశపు అమరికతో వచ్చిన పెట్టె అన్యదేశపు హద్దులనే పాటించును.

కాని హద్దునే పైకి జరుపుట వేఱు. కొందఱు రహస్య సంకేతము నొక్కి 253ను 265, 270 చేసి పోవుచున్నారని వినికిడి. ఎఱ్ఱదీపము ఆఱును, గృహస్థుడు సంతోషించును. ఆ వోల్టేజి అతని ఇంటిలోనే నిలువదు. ప్రక్కింటి ముసలమ్మ ఫ్రిజ్జుకు, ఎదురింటి టెలివిజనుకు, బడిలోని పంకాలకు అదియే అందును. ఏది ఎందుకు కాలినదో ఎవరికిని తెలియదు. ఈ వ్యాధి ఊరికి పరిమితమైనది కూడ కాదు. 2025 ఏప్రిల్ 28వ తేదీన పట్టపగలు, పండ్రెండున్నర దాటిన మూడు నిమిషములకు స్పెయిను, పోర్చుగల్ దేశములు రెండును ఒక్కసారిగా కరెంటు కోల్పోయినవి. వోల్టేజి పెరుగుట, దానిని తాళలేక ఉత్పత్తి కేంద్రములు ఒకదాని వెంట నొకటి తొలగుట, తొలగినకొలది వోల్టేజి ఇంకను పెరుగుట దాని క్రమమని విచారణ చేసిన నిపుణులు తేల్చిరి. ఊరి ట్రాన్స్‌ఫార్మరు క్రింద జరుగునది దాని చిన్న అచ్చు.

వోల్టేజి తగ్గుదలను గూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. 184కు దిగువకు పడినచో పెట్టె ఆగును. ఉదయము మోటార్లన్నియు ఒక్కుమ్మడి మొదలైనప్పుడు తీగ చివరి ఇండ్లలో ఇది కనబడును. మోటార్లకు కెపాసిటర్లు బిగించుకొనినచో తీగమీది భారము తగ్గి వోల్టేజి కొంత కోలుకొనును. చవకైన ఈ ఉపాయమును ఉపేక్షించుట శోచనీయము. స్టెబిలైజరును ఇంటి వాడకమువైపు పెట్టుకొనవచ్చును గాని ఇన్వర్టరునకు, వీధికి నడుమ పెట్టరాదు.

న్యూట్రలు వదులగుట మాత్రము ప్రాణాంతకము. మూడు ఫేజుల కరెంటు తిరిగిపోవు దారి న్యూట్రలు. అది ట్రాన్స్‌ఫార్మరు వద్ద గాని స్తంభముమీద గాని తెగినచో ఇండ్ల నడుమ వోల్టేజి పంపకము తలక్రిందులగును. ఒక ఇంట 150, మరియొక ఇంట 300 దాటవచ్చును. ఒకరి దీపము ఎఱ్ఱగా మూలుగుచుండగా పొరుగువాని దీపము కన్నులు మిఱుమిట్లు గొల్పి పగులును. ఇన్వర్టరు తెర గడియలో ఓవర్ వోల్టేజి, గడియలో అండర్ వోల్టేజి అని మార్చి మార్చి చూపును. అట్టి వేళ లెక్కలు వ్రాయుచు కూర్చుండరాదు. వెంటనే మెయిను ఆపి, పొరుగువారికి చెప్పి, శాఖకు తెలుపవలెను. ట్రాన్స్‌ఫార్మరు వద్ద న్యూట్రలును భూమికి కలుపు ఎర్తు గుంత తడిగానుండిన ఈ చేటు కొంత తగ్గును. కాని ఈ సీమ నేల రాతినేల. ఫాల్గుణము వచ్చునప్పటికి గుంతలో చెమ్మ ఉండదు. ఎండిన మన్ను కరెంటును త్రాగదు. త్రాగు నీటికే బిందెలు వరుస కట్టు వేసవిలో ఎర్తు గుంతకు నీరెక్కడిదని నవ్వువారుందురు. వారానికి రెండు బిందెలు చాలును. అయినను ఆ గుంత కంచె లోపలిది. నీరు పోయించుట లైన్‌మన్ ద్వారానే జరుగవలెను.

ఫ్రీక్వెన్సీ దోషము అరుదు. నియమము ప్రకారము 47.5కు దిగువనో, 50.5కు ఎగువనో పోయిన గాని పెట్టె దానికై తొలగదు. 2013 డిసెంబరు 31వ తేదీన రాయచూరు–షోలాపూరు 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణాది జాలము దేశపు జాలముతో ఏకమైనది; అంత పెద్ద చెఱువులో అల సులభముగా లేవదు. ఈ దోషము తఱచుగా కనబడినచో పెండ్లి పందిరికి తెచ్చిన డీజిలు జనరేటరును ఎవరైన ఇంటి తీగకే కలిపిరేమో విచారింపవలెను.

ఫిర్యాదు వ్రాయు పద్ధతితో ఈ ప్రసంగము ముగియును. "కరెంటు సరిగా లేదు" అని వ్రాసిన కాగితము ఏ కచేరిలోను కదలదు. సర్వీసు సంఖ్య, ట్రాన్స్‌ఫార్మరుమీద రంగుతో వ్రాసిన సంఖ్య, దోషము కనబడిన తేదీలు, గంటలు, పెట్టె ఆగియున్నప్పటి వోల్టేజి, నడుచుచున్నప్పటి వోల్టేజి, అదే వేళకు పొరుగిండ్ల వోల్టేజి – ఇవి వ్రాయవలెను. 1912 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు సంఖ్యను అడిగి వ్రాసికొనవలెను. పిదప అదే విషయమును కాగితముమీద సహాయక ఇంజనీరునకు ఇచ్చి నకలుమీద ముద్ర వేయించుకొనవలెను. అప్పటికిని పని జరుగనిచో 2003 నాటి విద్యుత్ చట్టము 42వ సెక్షను క్రింద ప్రతి పంపిణీ సంస్థలోను ఏర్పడిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక కలదు. అచట నోటుపుస్తకమే సాక్షి.

ఒక ఇంటి పుస్తకముకంటె ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రిందనున్న ఇండ్లన్నిటి పుస్తకము బలమైనది. అందుకై గళ్లు గీచిన పుస్తకమొకటి నేటినుండి పఠనమందిరపు బల్లమీద, పత్రికల ప్రక్కన ఉంచబడుచున్నది. మొదటి గడి తేదీకి, రెండవది గంటకు, మూడవది ఇంటి సర్వీసు సంఖ్యకు, నాలుగవది ఆగినప్పటి వోల్టేజికి, ఐదవది నడిచినప్పటి వోల్టేజికి, ఆఱవది మోటార్లకు. కలము దారముతో కట్టియున్నది.